ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే వచ్చాయి. ఇంట్లో నలుగురికీ నాలుగు వేళలు, ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరదు అన్నదే అందరి గోడూ. పేర్లు తీసేసి, ఉత్తరాలను కాస్త కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: మా వారిది పైడిభీమవరం దగ్గర మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. వారానికో షిఫ్టు. ఎ అంటే ఉదయం 6 నుంచి 2, బి అంటే 2 నుంచి రాత్రి 10, సి అంటే రాత్రి 10 నుంచి ఉదయం 6. కంపెనీ బస్సులో వెళ్లొస్తారు. నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని, 8కి బయల్దేరితే సాయంత్రం 5.15కి ఇల్లు చేరతాను. బాబు ఇంటరు, పొద్దున పోతే సాయంత్రం 6కి గానీ రాడు. పాప నాలుగో తరగతి, స్కూలు ఆటో 3.40కి దింపుతుంది. అత్తగారు ఇంట్లోనే ఉంటారు గానీ మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. "ఈరోజు నువ్వుంటావనుకున్నాను" అన్న మాట మీదే రోజూ గొడవ. – ఒక టీచరమ్మ, శ్రీకాకుళం

జవాబు: ముందు డ్యూటీ టైములు రాయడం మానేయండి. "ఎ షిఫ్టు 6–2" అనేది కంపెనీకి కావలసిన లెక్క. ఇంటికి కావలసింది మనిషి గడప దాటే వేళ, తిరిగి గడప తొక్కే వేళ. మీ వారు 6 గంటల డ్యూటీకి 4.45కే బస్సెక్కాలి, 2కి డ్యూటీ దిగినా ఇల్లు చేరేసరికి 3.15 అవుతుంది. ఈ రెండు అంకెలే గోడ మీద ఉండాలి. అలా రాసుకుంటే ఎ వారం 4.45 – 3.15, బి వారం 12.45 – రాత్రి 11.15, సి వారం రాత్రి 8.45 – మర్నాడు ఉదయం 7.15. బస్సు వేళ మేం అటూ ఇటూగా వేశాం, మీ లెక్క మీరు సరిచూసుకోండి.

ఇప్పుడు పాప 3.40 సంగతి చూడండి. ఎ వారంలో నాన్న 3.15కి వస్తారు కాబట్టి 25 నిమిషాల వెసులుబాటు ఉంది. హైవే మీద బస్సు అరగంట ఆగితే అదీ పోతుంది. బి వారంలో మామ్మ తప్ప ఎవరూ ఉండరు. సి వారంలో నాన్న ఉంటారు గానీ, రాత్రి డ్యూటీ నిద్ర సాగితే ఆ వేళకి లేవకపోవచ్చు. అంటే మూడు వారాల్లోనూ ఆ వేళకి ఒక మనిషి పేరు విడిగా రాసి పెట్టాల్సిందే. ఎ, సి వారాల్లో నాన్న, బి వారంలో కింద వాటా వాళ్లో ఎదురింటి వాళ్లో. పక్కింటి వాళ్లను ఏ రోజుకారోజు ఫోన్ చేసి అడిగితే మొహమాటంగా ఉంటుంది. మూడు వారాలకో వారం, సోమ నుంచి శని వరకు, 3.40 నుంచి 5.15 దాకా అని ముందే కచ్చితంగా అడిగితే వాళ్లూ ఒప్పుకుంటారు, మీరూ బదులుగా ఏదో ఒకటి చేయగలరు.

చార్టు పేపరు సగం ముక్క చాలు. ఎడమ పక్క పై నుంచి కిందికి సోమ, మంగళ అంటూ రోజులు, పైన అడ్డంగా మనుషుల పేర్లు రాయండి. చాలామంది దీన్ని తిరగేసి రాస్తారు. అప్పుడు ఈరోజు ఎవరెక్కడున్నారో తెలియాలంటే చూపు ఐదు చోట్ల ఆగాలి. రోజుకో అడ్డ వరస పెడితే వేలు పెట్టి ఒక్క గీత చదివితే రోజంతా తెలిసిపోతుంది. చివరి గడి ఒకటి ఖాళీగా ఉంచి "3.40కి పాప – ఎవరు" అని శీర్షిక పెట్టండి. ఇలాంటి షీట్లు మూడు: ఎ, బి, సి. వాటిని లామినేషన్ చేయించి ఒకే మేకుకి తగిలించండి, ఆదివారం రాత్రి పై షీటు మార్చితే సరి. కంపెనీలో షిఫ్టు తారుమారైన రోజు లామినేషన్ మీద రాయొద్దు. ఆ తేదీ వేసిన చిన్న చీటీ క్లిప్పుతో పెట్టి, రోజు గడిచాక చింపేయండి. లేకపోతే పాత మార్పు వచ్చే నెలలో కొత్త గొడవ తెస్తుంది.

రాత్రి డ్యూటీని ఏ తేదీ కింద రాయాలి? సోమవారం రాత్రి వెళ్లి మంగళవారం పొద్దున వచ్చే డ్యూటీని ఒకరు సోమవారం అంటారు, ఇంకొకరు మంగళవారం అంటారు. సగం పొరపాట్లు ఇక్కడే పుడతాయి. బయల్దేరిన తేదీ కిందే రాయండి, మర్నాడు గడిలో "7.15కి రాక, 8.30–2.30 నిద్ర" అని వేయండి. నిద్రను కూడా డ్యూటీ లాగే రాయాలి. రాయకపోతే "ఇంట్లోనే ఉన్నారు కదా" అని గ్యాస్ బండ డెలివరీ ఆ వేళకే పెడతారు, కేబుల్ వాణ్ణీ అప్పుడే రమ్మంటారు. ఆరు గంటల నిద్ర మూడు ముక్కలవుతుంది.

ఇంకొకటి, ఇది చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. సి వారం చివరి డ్యూటీ శనివారం రాత్రిది అయితే ఆయన ఆదివారం 7.15కి వస్తారు, సోమవారం తెల్లారగట్ల 4.45కి మళ్లీ ఎ షిఫ్టుకి వెళ్లాలి. చూడ్డానికి అది సెలవు రోజే, నిజానికి అందులో ఏమీ మిగలదు. ప్రతి 21 రోజులకూ ఇలాంటి ఆదివారం ఒకటి వస్తుంది. క్యాలెండర్లో ఏడాది పొడవునా ఆ ఆదివారాలకు ఎర్ర సున్నా చుట్టేయండి. పెళ్లిచూపులు, గృహప్రవేశాలు, అరసవల్లి ప్రయాణం ఏవీ ఆ రోజుకి ఒప్పుకోకండి. తప్పనిసరైతే సాయంత్రం 4 తర్వాత.

ఫోన్‌లో కూడా కావాలంటే గూగుల్ క్యాలెండర్‌లో ఒక్కో షిఫ్టుకి ఒక్కో ఈవెంట్ చేసి, రిపీట్ దగ్గర కస్టమ్ ఎంచుకుని "ప్రతి 3 వారాలకు" అని, సోమ నుంచి శని వరకు టిక్కులు పెట్టండి. కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి ఆ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో మీ ఈమెయిల్ చేర్చి, మార్పులు చేసే అనుమతి ఇస్తే ఇద్దరి ఫోన్లలోనూ ఒకటే కనిపిస్తుంది. అలారం మాత్రం ఎవరి ఫోన్‌లో వాళ్లే పెట్టుకోవాలి. ఆయన పెట్టిన గుర్తు మీ ఫోన్‌లో మోగదు. "క్యాలెండర్ పెట్టాం, అయినా మర్చిపోయాం" అనే వాళ్లలో చాలామంది కథ ఇదే. బ్యాటరీ సేవర్ వేసి ఉంచినా గుర్తులు ఆలస్యంగా రావచ్చు, అదీ చూసుకోండి.

ఒంటిపూట బడులు గుర్తుంచుకోండి. మార్చి సగం నుంచి సాధారణంగా 7.45 – 12.30 వేళలు వస్తాయి. మీరు 6.45కే వెళ్లిపోతారు, పాప మధ్యాహ్నమే వచ్చేస్తుంది. మూడు షీట్లూ ఆ నెలన్నరకు పనికిరావు. ఫిబ్రవరిలోనే ఇంకో మూడు రాసి అటకెక్కించండి.

ప్రశ్న: తెలుగు క్యాలెండరు, వైట్‌బోర్డు, ఫోను. ఈ మూడింటిలో ఏది మంచిది? మూడూ మొదలుపెట్టి మూడూ వదిలేశాం. – బొబ్బిలి

జవాబు: మూడూ కలిపి పెట్టడమే తప్పు. తేదీ ఉన్న పని ఒక్కచోటే ఉండాలి. మీ ఇంట్లో తిథి, వర్జ్యం చూడకుండా పెద్దవాళ్లు అడుగు బయట పెట్టరనుకుంటే ఆ తెలుగు క్యాలెండరే ఆ చోటు, ఎందుకంటే అందరూ రోజూ చూసేది అదే. ఒక్క ఇబ్బంది, గడిలో సగం పంచాంగమే ఆక్రమిస్తుంది, మిగిలిన చోటు పాల లెక్కకి పోతుంది. పాల లెక్కని పక్క కాగితానికి మార్చండి. నెల కాగితం తిప్పే దాకా వచ్చే నెల మొదటి వారం కనపడదు కాబట్టి 25వ తేదీన ఆ ఏడు రోజుల పనులూ ఒక చీటీ మీద రాసి కింద అంటించండి.

వైట్‌బోర్డు పొయ్యి దగ్గర పెట్టొద్దు. పోపుల నూనె ఆవిరి పట్టి మార్కర్ పారదు, రాసింది మోచేయి తగిలితే చెరిగిపోతుంది. అప్పటికే జిడ్డు పట్టి ఉంటే గిన్నెల సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టండి. పిల్లలు పర్మనెంట్ మార్కర్‌తో రాసేస్తే కంగారు పడకండి, దాని మీదే వైట్‌బోర్డు మార్కర్‌తో గీసి తడి ఆరకముందే తుడిస్తే రెండూ పోతాయి.

ప్రశ్న: ఉమ్మడి కుటుంబం, మూడు పోర్షన్లు. "మన ఇల్లు" అని వాట్సాప్ గ్రూపులో 14 మంది ఉన్నాం. మా పెద్దబ్బాయి ఇంటర్ పరీక్ష ఫీజు ఆఖరి తేదీ గ్రూపులో పెట్టాను. అందరూ చూశారు, ఆరుగురు బొటనవేళ్లు కూడా పెట్టారు, ఎవరూ కట్టలేదు. చివరికి లేటు ఫీజుతో కట్టాం. – విజయనగరం

జవాబు: అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు అన్న సామెత మీ గ్రూపుకి సరిగ్గా సరిపోతుంది. నీలం టిక్కు చూసిన గుర్తు, బొటనవేలు మర్యాద. ఆ రెండిట్లో ఏదీ ఒప్పుకున్నట్టు కాదు. పని ఉన్న మెసేజ్‌లో పేరు ఉండాలి, ఆ పేరు గల మనిషి "సరే, నేనే" అని మాటల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే రాత్రి 9 గంటలకి ఫోన్ చేసి అడగాల్సిన బాధ్యత మెసేజ్ పెట్టిన వాళ్లదే.

పాత గ్రూపుని కదపకండి. శుభోదయాలు, దేవుడి పటాలు, పిల్లల ఫొటోలు అక్కడే ఉండనివ్వండి. ఇంటి పనులకు వేరే గ్రూపు చేసి అందులో పనులు మోసే వాళ్లని మాత్రమే ఉంచండి. మీ ఇంట్లో ఐదారుగురు కంటే ఎక్కువ ఉండరు. మెసేజ్ ఒకే తీరుగా రాయండి: రోజు, తేదీ, వేళ, ఎక్కడ, ఏం పని, ఎవరు, వెంట ఏం పట్టుకెళ్లాలి. "శని 14, ఉ. 10, కరెంటు ఆఫీసు, మీటరు పేరు మార్పిడి, చిన్నాన్న, ఆధార్ జిరాక్సు, పాత బిల్లు." ఇంతే. "రేపు" అనే మాట వాడొద్దు. రాత్రి 11.50కి పెట్టిన "రేపు"ని ఒకరు 12.10కి చదువుతారు, వాళ్లకి రేపంటే ఎల్లుండి.

గ్రూపులో ఒకేసారి మూడు మెసేజ్‌ల వరకు పైన పిన్ చేయొచ్చు. పిన్ చేసేటప్పుడు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని అడుగుతుంది. ఫీజు ఆఖరి తేదీలకు 30 రోజులు పెట్టండి. మారనివి, అంటే గ్యాస్ కన్స్యూమర్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు, స్కూలు ఆటో డ్రైవర్ నంబరు వంటివి గ్రూపు వివరణలో రాసి ఉంచండి. ఏటీఎం పిన్ నంబర్లు, పాస్‌వర్డులు మాత్రం అక్కడ వద్దు. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఈ గ్రూపులో ఆన్ అయి ఉందేమో చూసుకోండి. ఉంటే మీరు ఎంత జాగ్రత్తగా రాసినా పోతాయి.

కాలేజీ వాళ్లు నోటీసుని ఫొటోగా పెడతారు. దాన్ని యథాతథంగా ఫార్వర్డ్ చేయకండి. వెతికితే ఫొటోలోని తేదీ దొరకదు. కింద ఒక్క వరుసలో తేదీ టైపు చేయండి.

ప్రశ్న: మా ఆయన కువైట్లో ఉంటారు. డ్యూటీ అయి వంట చేసుకుని ఫోన్ చేసేసరికి ఇక్కడ 11 దాటుతుంది. పిల్లలు పడుకుంటారు, నాకూ కళ్లు మూతలు పడతాయి. అప్పుడే డబ్బుల సంగతి ఎత్తుతారు, మాటా మాటా పెరుగుతుంది. – కోటబొమ్మాళి మండలం

జవాబు: కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. సౌదీ, ఖతార్ కూడా అంతే. దుబాయ్ అయితే గంటన్నర. అక్కడ ఎండాకాలం గడియారం జరపడం లేదు కాబట్టి ఏడాది పొడవునా ఇదే తేడా. అక్కడి 8.30 మనకి 11. ఆయన డ్యూటీ 5కి అయితే వంటకు ముందే, అక్కడి 6కి ఫోన్ చేయమనండి. ఇక్కడ 8.30 అవుతుంది, పిల్లలు అన్నాలు తింటూ ఉంటారు. పది నిమిషాలు చాలు, ఆ పది నిమిషాలూ పిల్లలవే. డబ్బు మాట ఆ ఫోన్‌లో ఎత్తొద్దని ఇద్దరూ అనుకోండి.

డబ్బు, స్థలం, అత్తమామల ఆరోగ్యం, పిల్లల చదువు లాంటివి శుక్రవారం మాట్లాడుకోండి. ఆయనకి సెలవు, అక్కడ ఉదయం 9 అంటే ఇక్కడ 11.30, పిల్లలు బడిలో ఉంటారు, మీరు కాస్త తీరికగా ఉంటారు. వారమంతా తోచినవి ఒక నోటుపుస్తకంలో నంబర్లు వేసి రాసుకుని, ఫోన్‌కి ముందు ఆ పేజీ ఫొటో పంపండి. ఆయన చదువుకుని ఫోన్ చేస్తారు. ప్రతి దాని పక్కనా "అవును", "కాదు", "వచ్చే శుక్రవారం" అని మూడింట్లో ఏదో ఒకటి రాస్తే చాలు. ఎంత వచ్చింది, ఎంత దేనికి అయింది అన్నది అదే పుస్తకంలో ఎదురు పేజీలో వేయండి. లెక్క కళ్ల ముందుంటే అనుమానానికి చోటుండదు, "అంత ఎలా అయింది" అన్న మాట సగం తగ్గుతుంది. రంజాన్ నెలలో అక్కడ డ్యూటీ వేళలు మారతాయి కాబట్టి ఆ నెలకి వేళ మళ్లీ అనుకోవాలి.

మీ బంధువులెవరైనా దుబాయ్ వైపు ఉంటే ఒక మాట: అక్కడ వాట్సాప్‌లో కాల్ నడవదు, మెసేజ్, వాయిస్ మెసేజ్ వెళ్తాయి. ఫోన్ రాలేదని అలగక్కర్లేదు.

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మావయ్యగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ముగ్గురు కొడుకులు, ఒకాయన విశాఖలో. ఎవరు తీసుకెళ్లాలి అన్న దగ్గర ప్రతిసారీ తగువు, చివరికి నేనే బస్సెక్కిస్తున్నాను. పెద్ద కోడల్ని. – ఉద్దానం

జవాబు: ఎన్ని గంటల పని అన్నది మొదట ముగ్గురికీ కాగితం మీద కనపడాలి. మిషన్ మీద సాధారణంగా 4 గంటలు. దానికి ముందు బరువు చూడటం, బీపీ, వంతు కోసం కూర్చోవడం ఉంటాయి. తర్వాత సూది గుచ్చిన చోట రక్తం ఆగే దాకా నొక్కి పట్టాలి, లేవగానే కళ్లు తిరిగితే కాసేపు పడుకోబెట్టాలి. పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది గనక, విశాఖ తిరగాల్సిన రోజులతో పోలిస్తే ప్రయాణం తగ్గింది. అయినా రానూపోనూ కలిపితే ఒక రోజుకి 6, 7 గంటలు. నెలకి ఇలాంటి రోజులు 13. "కాస్త ఆసుపత్రికి తీసుకెళ్లరా" అంటే రెండు గంటల పనిలా వినపడుతుంది. తగువు అక్కడే మొదలవుతుంది.

వంతులు ఖాళీని బట్టి వేయొద్దు, రోజుని బట్టి వేయండి. సోమవారం పెద్దాయనది, బుధవారం రెండో ఆయనది, శుక్రవారం విశాఖ ఆయనది. విశాఖ ఆయన ప్రతి శుక్రవారం రాలేరు కదా అంటారు. రానక్కర్లేదు, ఆ రోజు ఆటో ఖర్చు, వెంట వెళ్లే మనిషి కూలి ఆయన భరించాలి, మనిషిని కుదర్చాల్సిందీ ఆయనే. ప్రతి వంతుకీ రెండో పేరు ఒకటి ఉండాలి. వంతు ఉన్న మనిషికి కుదరకపోతే ముందు రోజు రాత్రి 8లోపు తనే ఆ రెండో మనిషికి ఫోన్ చేసి ఒప్పించాలి. మీకు ఫోన్ చేసి "వదినా, ఈసారికి" అనడం కుదరదని నలుగురి ముందూ ఒకసారి అనేయండి. ఆ మూడు పేర్లూ, ఆ మూడు రోజులూ పెద్ద అక్షరాలతో మావయ్యగారి మంచం ఎదురుగా ఉండాలి. ఈరోజు ఎవరొస్తారో అని పేషెంటు ఎదురు చూడటం కంటే నరకం లేదు.

ఒక సంచి ఎప్పుడూ సర్ది తలుపు వెనక వేలాడాలి. ఆసుపత్రి ఫైలు, ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలు, దుప్పటి, ఫోన్ ఛార్జర్, వాడుతున్న మందుల జాబితా. తినడానికి ఏం పట్టుకెళ్లొచ్చో అక్కడి వాళ్లని అడగండి. ఫైలు అట్ట మీద "ఫిస్టులా – ఎడమ చెయ్యి. ఈ చేతికి బీపీ, సూది వద్దు" అని రాయండి, కుడి అయితే కుడి అని. ఫిస్టులా అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం. సంచిలోనే ఒక చిన్న పుస్తకం. తేదీ, ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, డాక్టరు చెప్పింది, ఎవరు వెళ్లారు. ముగ్గురు వేర్వేరు రోజుల్లో వెళ్తారు కాబట్టి డాక్టరు సోమవారం చెప్పిన మందు మార్పు బుధవారం వెళ్లే మనిషికి తెలియాలంటే ఆ పుస్తకమే దారి. డయాలసిస్ రోజు పొద్దున ఏ బీపీ మాత్ర వేయాలి, ఏది ఆపాలి అన్నది అడిగి అట్ట లోపలి పేజీలో రాసుకోండి, ఇంట్లో తలా ఒకటి చెప్పుకోకుండా.

పండగ వచ్చిందనీ, పెళ్లి వచ్చిందనీ ఒక రోజు దాటవేయడం మాత్రం వద్దు. నీరు, పొటాషియం ఒంట్లో పేరుకుంటే ఊపిరాడకపోవడం, గుండె లయ తప్పడం జరుగుతాయి. సంక్రాంతి, దసరా వారాల్లో సెంటరు వాళ్లు వేళ మారుస్తారేమో పది రోజుల ముందే అడగండి.

ప్రశ్న: పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకి ప్రతి ఏడాదీ చెప్పా పెట్టకుండా పాతికమంది దిగుతారు. ఎవరు ఎప్పుడొస్తారో తెలియక వంట దగ్గరే పండగ అయిపోతుంది. – విజయనగరం

జవాబు: తేదీ ముందే తెలిసిన పండగ ఇది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, ముందు రోజు సోమవారం తొలేళ్లు. 2025లో అక్టోబరు 7న వచ్చింది. మూడు వారాల ముందు వాట్సాప్‌లో పోల్ పెట్టండి: సోమవారం రాత్రికి వస్తాం, మంగళవారం పొద్దున వస్తాం, భోజనానికి ఉంటాం, రాత్రికి ఉంటాం. ఒకటి కంటే ఎక్కువ ఎంచుకునేలా ఉంచండి. పోల్‌లో వేలు పెట్టని వాళ్లకి శనివారం ఒక్కొక్కరికీ ఫోన్. వాళ్లే ఎక్కువమంది ఉంటారు, అది మామూలే. రెండో గ్యాస్ బండ అంతకు వారం ముందే బుక్ చేయండి. మధ్యాహ్నం నుంచి గుడికీ కోటకీ మధ్య బండి కదలదు, ఫోన్ లైన్లు దొరకవు. సిరిమాను మూడుసార్లు తిరిగే దాకా జనం అక్కడే ఉంటారు. పిల్లల జేబులో నంబరు చీటీ పెట్టి, తప్పిపోతే ఏ దుకాణం ముందు నిలబడాలో ఇంటి దగ్గరే చెప్పి పంపండి. వంట వాళ్లకి కూడా ఒక వంతు వేయండి, అత్తగారు కూడా అమ్మవారిని చూడాలి కదా.

ప్రశ్న: తుఫాను వస్తే ఫోన్లు పోతాయి. తిత్లీ అప్పుడు మా తమ్ముడు విశాఖ నుంచి నాలుగు రోజులు మా జాడ తెలియక అల్లాడిపోయాడు. ముందే ఏం అనుకోవాలి? – వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మీ పక్కనే తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. కరెంటు పోయిన కొన్ని గంటలకి టవర్ల బ్యాటరీలూ అయిపోతాయి. కాబట్టి సెప్టెంబరు మొదటి వారంలోనే ఇవి అనుకోండి.

జిల్లా బయట ఉన్న ఒక్క మనిషిని ఎంచుకోండి, మీ తమ్ముడే సరి. తుఫాను తర్వాత ఇంట్లో ఎవరికి సిగ్నల్ దొరికినా ఆయనకి ఒక్క ఎస్సెమ్మెస్: "అందరం క్షేమం, ఆరుగురం, స్కూల్లో ఉన్నాం, గురువారం సాయంత్రం 5." మిగతా బంధువులంతా మిమ్మల్ని కాకుండా ఆయన్ని అడగాలి. బలహీనమైన సిగ్నల్లో కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్లొచ్చు, బ్యాటరీ కూడా అంతగా తినదు. ఇంట్లో రెండు సిమ్‌లు రెండు కంపెనీలవి ఉంటే మేలు, ఒక టవర్ పోయినా ఇంకోటి ఉండొచ్చు.

పవర్‌బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉన్నా ఫోన్‌కి చేరేది సుమారు 6,000 మాత్రమే, మిగిలింది ఓల్టేజీ మార్పిడిలో పోతుంది. 5,000 బ్యాటరీ ఫోన్ ఒకసారి నిండి, ఇంకాస్త మిగులుతుంది. ఇద్దరికి ఒకటి చాలదు. పాత బటన్ల ఫోన్ ఒకటి నిండా ఛార్జ్ పెట్టి ఉంచండి, అది కొన్ని రోజులు నిలుస్తుంది. స్మార్ట్‌ఫోన్‌లో డేటా ఆపేసి, రోజుకి రెండుసార్లు, 8కి, సాయంత్రం 5కి తెరిచి చూడండి. అవతలి వాళ్లకీ ఈ వేళలు తెలిసి ఉండాలి.

నంబర్లు కాగితం మీద ఉండాలి. ఫోన్ ఆరిపోతే మనకి సొంత కొడుకు నంబరు కూడా నోటికి రాదు. తమ్ముడిది, ఊళ్లో ఇద్దరివి, సచివాలయంలో ఒకరిది, 112, 108, కరెంటుకి 1912. పెన్నుతో రాస్తే తడికి కారిపోతుంది, పెన్సిల్‌తో రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి కుట్టేయండి. అలాంటివి మనిషికొకటి. షెల్టరుకి వెళ్లేటప్పుడు ఎవరెవరు, ఎక్కడికి, ఎన్ని గంటలకి అన్నది పక్కింటి వాళ్లకి చెప్పి, ఒక చీటీ తలుపు లోపలి వైపు అంటించండి. బయట సుద్దముక్కతో రాస్తే ఆ గాలివానకి పది నిమిషాలు ఆగదు. వేటకి వెళ్లిన వాళ్లు ఉంటే ఏ బోటు, ఎంతమంది, ఎప్పుడు బయల్దేరారు అన్నది ఇంట్లో తేదీతో రాసి ఉండాలి. అధికారులు మొదట అడిగేది అదే.

ప్రశ్న: మా అత్తగారికి చదువు రాదు. పగలంతా ఇంట్లో ఆవిడొక్కరే. చీటీలు, వాట్సాప్ ఆవిడకి పనికిరావు. – చీపురుపల్లి

జవాబు: ఆవిడకి గుర్తులు ఉండాలి. వీధి తలుపు పక్కన మేకుకి రెండు బట్టల క్లిప్పులు తగిలించండి. ఎర్రది పెడితే ఈరోజు ఇంటికి ఎవరో వస్తారు, తాళం వేసి పెరట్లోకి వెళ్లొద్దు అని. ఆకుపచ్చది పెడితే పిల్లలు ముందుగా వస్తారు, అన్నం ఉంచాలి అని. రెండు చాలు, మూడోది పెడితే కలిసిపోతాయి. పొద్దున బయల్దేరే ఆఖరి మనిషి క్లిప్పు మార్చి, నోటితో కూడా ఒకసారి చెప్పాలి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వద్దు, అది తెరవడమే ఆవిడకి కష్టం. మధ్యాహ్నం 12.30కి ఇంట్లో ఎవరో ఒకరు మామూలు ఫోన్ చేస్తే మాత్ర వేసుకున్నదీ తెలుస్తుంది, వచ్చి వెళ్లిందెవరో కూడా తెలుస్తుంది. బటన్ల ఫోన్‌లో 2 నొక్కి పట్టుకుంటే కొడుక్కి, 3 నొక్కి పట్టుకుంటే మీకు వెళ్లేలా స్పీడ్ డయల్ పెట్టండి. ఆ 2 మీద ఎర్ర గోళ్ల రంగు చుక్క, 3 మీద తెల్ల చుక్క వేయండి. చుక్క నెలా రెండు నెలల్లో అరిగిపోతుంది, మళ్లీ వేయాలి.